తుక్కుకు వేసే ముందు

పల్లెల్లో పాత పెంకుటిల్లు పడగొట్టినప్పుడో, అన్నదమ్ములు వాటాలు పంచుకున్నప్పుడో గొడ్లచావిడి ఖాళీ చేయక తప్పదు. వాసాల సందుల్లోంచి, కుడితి గాబు వెనక నుంచి, అటక మీది గోనెసంచుల్లోంచి ఇనుప వస్తువులు బయటపడతాయి. నాగలి కర్రు, కొడవలి, గడ్డపలుగు లాంటివి చూడగానే తెలిసిపోతాయి. మిగిలినవాటి చుట్టూ ఇంటిల్లిపాదీ చేరి తలో మాటా అంటారు. వరుసగా చిల్లులున్న పలక, అడుగు లేని బొక్కెన, అర్ధచంద్రంలాంటి రేకు, పిడికిట్లో ఇమిడే బరువైన దిమ్మ. ఏమిటో తేలకపోతే సాయంత్రానికల్లా పాత ఇనుప సామాన్ల బండి ఎక్కుతాయి. ఆ అమ్మకంతో చేతికొచ్చేది చిల్లర డబ్బులు. పోయేది మాత్రం ఆ ఇల్లు ఏ పని చేసుకుని బతికిందో చెప్పే సాక్ష్యం. దాన్ని చదవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. చిక్కల్లా, చాలామంది వస్తువు ఆకారం చూసి పేరు ఊహించబోతారు. ఆకారం కన్నా అరుగుదల నమ్మదగిన సాక్షి. ఎక్కడ అరిగింది, ఏ వైపు నునుపెక్కింది, ఎక్కడ దెబ్బలు తిన్నది అని చూస్తే ఆ వస్తువు చేసిన పని తెలుస్తుంది. పని తెలిశాక పేరు కనుక్కోవడం ఎంతసేపు?

అర్ధచంద్రంలాంటి ఆ రేకునే తీసుకుందాం. అరచేతి కన్నా చిన్నది, పల్చనిది, బయటి అంచు వెంబడి నాలుగైదు చిల్లులు. ఆకారాన్ని బట్టి ఊహిస్తే తలుపు గొళ్లెం కింది పట్టీ అనిపించవచ్చు, పెట్టె మూలకు కొట్టిన రేకు అనిపించవచ్చు. తిప్పి చూడండి. ఒక ముఖం గరుకుగా తుప్పు పట్టి ఉంటుంది. రెండో ముఖం బాగా అరిగి, ముందు కొస దగ్గర మరీ పల్చబడి ఉంటుంది. చిల్లులు లోపలి అంచున ఒక్కటీ ఉండవు. తలుపుకో పెట్టెకో కొట్టిన రేకు ఇలా ఒక ముఖమంతా అరగదు. అది నేల మీద రాసుకుంటూ తిరిగింది. అది ఎద్దు కాలి నాడా. గుర్రం గిట్ట ఒకటే కాబట్టి దాని నాడా వంపు తిరిగిన ఒకే కమ్మీ. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, అందుకే ఒక్కో కాలికి రెండు రేకులు. మేకు దిగడానికి గట్టి డెక్క గిట్ట బయటి అంచునే ఉంటుంది గనక చిల్లులూ ఆ వైపే. కంకర రోడ్డు మీద బరువు లాగిన ఎద్దుకు రేకు తొందరగా అరుగుతుంది, దుక్కికి మాత్రమే వాడిన ఎద్దుకు నాడాతో అంత అవసరం పడదు. కొట్టంలో అరిగిన నాడాలు గుప్పెడు దొరికాయంటే ఆ ఇంటి ఎడ్లు బండి కట్టుకుని దూరాలు తిరిగాయన్నమాట. ఇంత సమాచారం ఆ రేకు అరిగిన ముఖంలోనే ఉంది.

చిల్లుల పలక సంగతీ అంతే. జానెడు ఇనుప పలకలో వరుసలు వరుసలుగా చిల్లులు కనబడితే జల్లెడ ముక్క అనుకోవడం సహజం. జల్లెడకు చిల్లులన్నీ ఒకే కొలతలో ఉండాలి, రేకు పల్చగా ఉండాలి. ఈ పలక మందంగా ఉంటుంది, చిల్లులు పెద్దదాని నుంచి చిన్నదానికి క్రమంగా తగ్గుతూ పోతాయి. ఒక్కో చిల్లు ఒక వైపు వెడల్పుగా, రెండో వైపు సన్నగా గరాటులా ఉంటుంది. సన్నని వైపు లోపలి అంచును గోటితో తడిమితే గాజులా నున్నగా తగులుతుంది. లోహాన్ని లోహం గట్టిగా ఒరుసుకుంటూ పోతే తప్ప అంత నునుపు రాదు. కంసాలి బంగారాన్నో వెండినో పెద్ద చిల్లులోంచి మొదలుపెట్టి చిన్న చిల్లుల్లోకి ఒక్కొక్కటిగా లాగుతూ తీగ సాగదీసే కమ్మచ్చు అది. ఏ రంధ్రం ఎక్కువ అరిగి వాడకానికి పనికిరాకుండా సాగిందో చూస్తే, ఆ పనివాడు ఏ మందం తీగను ఎక్కువగా తీశాడో కూడా ఊహించవచ్చు.

అరుగుదల ఎంత కచ్చితంగా మాట్లాడుతుందో చూడాలంటే ఎడ్లబండి విడిభాగాలను మించిన పాఠం లేదు. ఒక ఇనుప కడ్డీ, ఒక పోత గొట్టం దొరికాయి అనుకుందాం. గొట్టం ఒక కొస లావుగా, రెండో కొస సన్నగా ఉంటుంది. బయట రెండు మూడు ఉబ్బెత్తులు పోసి ఉంటాయి. గొట్టం లోపలి భాగం చుట్టూ ఒకే రకంగా అరిగి ఉంది. కడ్డీ మాత్రం ఒక వైపే అరిగింది, మిగతా మూడు వైపులా దాదాపు కొత్తదానిలాగే ఉంది. రెండూ ఒకదానిలో ఒకటి తిరిగినవే అయితే అరుగుదలలో ఈ తేడా ఎందుకు? కడ్డీ తిరగలేదు కాబట్టి. అది ఇరుసు. బండి బరువంతా ఇరుసు మీద నుంచి చక్రంలోకి దిగుతుంది, కాబట్టి ఒరిపిడి ఎప్పుడూ ఇరుసు కింది వైపే. చక్రంతో పాటు గొట్టం తిరుగుతుంది గనక దాని లోపలి ప్రతి భాగమూ ఒకసారి బరువు కిందికి వస్తుంది, అంతా సమానంగా అరుగుతుంది. గొట్టం బయటి ఉబ్బెత్తులు అది చెక్కలో పట్టు తప్పి తిరగకుండా చేసినవి. చక్రం చెక్క చెదలు తినేసినా, బండి కట్టెలు పొయ్యిలోకి పోయినా, ఏది నిలిచింది, ఏది తిరిగింది అన్నది ఆ రెండు ముక్కలు ఇప్పటికీ విప్పి చెబుతున్నాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. మన కొట్టాల్లో దొరికే ఇనుప వస్తువుల్లో చాలామటుకు పూర్తి వస్తువులు కావు. కర్ర, తోలు, తాడు కాలానికి పోతే మిగిలిన సగాలు. అందుకే వాటి ఆకారం అంత వింతగా కనిపిస్తుంది. అడుగు లేని పెద్ద ఇనుప బొక్కెనను చూసి, అడుగు ఊడిపోయిందని పక్కన పడేస్తారు. కింది అంచు చూస్తే విరిగిన ఆనవాలు ఉండదు, చుట్టూ వరుసగా కుట్టు చిల్లులు ఉంటాయి. ఆ చిల్లులకు తోలు తొండం కుట్టేవారు. అది మోట, రాయలసీమలో కపిల అంటారు. ఎడ్లు వాలుగా దిగుతూ మోకు లాగితే మోట బావిలోంచి పైకొచ్చేది, తొండం కొసకు కట్టిన రెండో తాడు బిగిసి నీళ్లు కాలువలోకి జారేవి. మోటకు రెండు పక్కలా సొట్టలు ఉంటే బావి రాతి గోడకు కొట్టుకున్న గుర్తులవి. తాడు కట్టే కొక్కెం లోపలి వంపు అరిగి సన్నబడి ఉంటే అది ఎన్నో పంటలు తడిపిందని అర్థం. లేని సగాన్ని ఊహించడానికి మిగిలిన సగంలో మేకు చిల్లుల్ని, కర్ర దూరే బోలుల్ని, కుట్టు రంధ్రాల్ని వెతకాలి. ఇనుము ఏ చోట తక్కువ తుప్పు పట్టిందో అక్కడ చాలాకాలం కర్రో తోలో కప్పి ఉంచిందేమో చూడాలి.

అరుగుదలకు చిక్కనివి కొన్ని ఉంటాయి, వాటిలో తూనికరాళ్లు ముఖ్యమైనవి. వాటి పని త్రాసు పళ్లెంలో కదలకుండా కూర్చోవడమే కాబట్టి వాటిని పట్టించేది బరువు. పిడికిట్లో పట్టే ఇనుప దిమ్మను కిరాణా కొట్టు కాటాలో పెట్టించండి. 1400 గ్రాములకు అటూఇటూ తూగిందా, అది వీశ. మద్రాసు రాష్ట్రపు లెక్కలో వీశకు 120 తులాలు, తులం 11.66 గ్రాములు. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో చెల్లిన తూకం అది. 933 గ్రాములకు దగ్గరగా ఉంటే 80 తులాల సేరు. రైల్వేలతో పాటు దేశంలో చాలాచోట్ల నడిచిన కొలత. ఒక్క దిమ్మ 1400 గ్రాములు తూగడం కాకతాళీయం కావచ్చు కదా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. అందుకే తోడు వస్తువుల్ని వెతకాలి. అదే సంచిలో 700 గ్రాముల దిమ్మ, 350ది, 175ది కూడా ఉంటే అవి అర్ధవీశ, పదలం, ఏబులం. సగానికి సగం తగ్గుతూ పోయే అలాంటి వరుస ఊరికే కుదరదు. అడుగున గుంట తవ్వి సీసం పోసి ఉందేమో కూడా చూడాలి. బరువు సరిచేయడానికీ, తనిఖీ అధికారి ముద్ర కొట్టడానికీ మెత్తని సీసమే అనువు, ఇనుము మీద ముద్ర దిగదు. తుప్పు వల్లో ఒరిపిడి వల్లో కొన్ని గ్రాములు తేడా రావడం మామూలే. మెట్రిక్ తూనికల చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబరు నుంచి కిలోలు అంచెలంచెలుగా వాడుకలోకి వచ్చి 1960ల మొదట్లో పాత తూకాలు చెల్లకుండా పోయాయి. కాబట్టి వీశల వరుస దొరికిన ఇంట్లో అంతకు ముందు ఎవరో వ్యాపారం చేసి ఉండాలి, లేదా ధాన్యానికి బదులుగా సరుకులు ఇచ్చిపుచ్చుకుని ఉండాలి. ఇనుప కుంచమో మానికో కూడా పక్కన ఉంటే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. కుంచానికి నాలుగు మానికలు పడుతున్నాయో లేదో బియ్యం పోసి కొలిచి చూడవచ్చు.

వస్తువు వయసు చెప్పేది తయారీ పద్ధతి. కమ్మరి కొలిమిలో కాల్చి సమ్మెటతో సాగగొట్టిన ఇనుముకు అంచులు తిన్నగా ఉండవు, మందం చోటుచోటుకూ మారుతుంది, విరిగిన చోట నారలు నారలుగా కనిపిస్తుంది. అచ్చులో పోసిన బీడు ఇనుము విరిగితే బూడిదరంగు గింజలు కనిపిస్తాయి, అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గీత ఉంటుంది. రెండు ముక్కల్ని రివిట్లతో బిగించారా, వెల్డింగ్ చేశారా అన్నది మరో ఆధారం. పల్లెల్లోకి వెల్డింగ్ చాలామటుకు వచ్చింది కరెంటు వచ్చాకే. అల్యూమినియం వస్తువును ఎవరైనా మూడు వందల ఏళ్లనాటిదని చెబితే నమ్మనక్కర్లేదు. ఆ లోహాన్ని చవకగా తీసే పద్ధతి 1886లో వచ్చింది, మద్రాసులో చాటర్టన్ అనే దొర చొరవతో అల్యూమినియం పాత్రల తయారీ మొదలైంది 1898లో. స్టెయిన్‌లెస్ స్టీలు ఇంకా కొత్తది, ఇంగ్లండులో బ్రేర్లీ అనే ఆయన దాన్ని తయారుచేసింది 1913లో. వస్తువు మీద 'వెస్ట్ జర్మనీ' అని ఉంటే అది 1949కీ 1990కీ మధ్య తయారైందని నిశ్చింతగా చెప్పవచ్చు. లోహం ఏదో తేలకపోతే అయస్కాంతం, దారం, బకెట్టు నీళ్లు చాలు. వస్తువును మామూలుగా ఒకసారి, దారంతో నీళ్లలో మునిగేలా వేలాడదీసి మరోసారి తూచి, మొదటి బరువును ఆ రెండింటి తేడాతో భాగించాలి. దాదాపు 8.5 వస్తే ఇత్తడో కంచో, 9 దగ్గర్లో అయితే రాగి, 7.2 దగ్గర అయస్కాంతానికి అంటుకుంటే బీడు, 11 దాటితే సీసం అనుకోవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు, ఫోన్‌లో ఫొటో తీస్తే పేరు వచ్చేస్తుంది కదా అనేవాళ్లు ఉన్నారు. ఫోన్ చేసే పని ఆకారాన్ని ఆకారంతో పోల్చడమే. ఎద్దు నాడాను చూసి ఏ దేశంలోనో ఉన్న అలాంటి నాడా పేరు చెప్పవచ్చు, అది మంచిదే. కానీ మోట అంచునో, గొర్రు కర్రునో, గుంటక బ్లేడునో ఎవరూ ఫొటో తీసి తెలుగు పేరుతో పెట్టకపోతే అది దేన్ని చూసి చెబుతుంది? తనకు తెలిసినవాటిలో దగ్గరగా కనిపించేదాన్ని చూపిస్తుంది. బరువు, అయస్కాంతం, వెనక ముఖం నునుపు, దొరికిన చోటు ఫొటోలో ఉండవు. ఫోన్ ఇచ్చిన పేరును ఒక ఊహగా తీసుకుని, ఆ ఊహ నిజమైతే ఎక్కడ అరిగి ఉండాలో ఆలోచించి, వస్తువు మీద ఆ అరుగుదల ఉందో లేదో చూడాలి. లేకపోతే ఆ పేరును వదిలేయడమే.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. కొన్ని వస్తువులు ఎంత చూసినా తేలవు కదా? నిజమే. ఐరోపాలో రోమన్ల కాలంనాటి పన్నెండు ముఖాల బోలు వస్తువులు నూటికి పైగా దొరికాయి. మొదటిదాని గురించి నమోదైంది 1739లో. ఒక్కో ముఖానికి ఒక్కో కొలతలో గుండ్రటి రంధ్రం, ప్రతి మూలనా ఒక బొడిపె. కొవ్వొత్తి స్టాండు అన్నారు, దూరాలు కొలిచే సాధనం అన్నారు, చేతితొడుగులు అల్లే పరికరం అన్నారు, పూజా వస్తువు అన్నారు. రోమన్ల రాతల్లో వాటి ప్రస్తావన లేదు. 2023లో ఇంగ్లండులోని నార్టన్ డిస్నీ అనే ఊళ్లో తవ్వకాల్లో ఒకటి చెక్కుచెదరకుండా బయటపడింది. దాని మీద వాడకపు అరుగుదల కనబడలేదు. ఈ ఉదాహరణ మన వాదాన్ని దెబ్బతీయదు, గట్టిపరుస్తుంది. ఆకారం ఇంత స్పష్టంగా, ఇంత వివరంగా ఉన్నా దాదాపు మూడు శతాబ్దాలుగా ఊహలు తెగలేదంటే కారణం, ఆ ఊహల్లో ఏది తప్పో తేల్చే అరుగుదల లేకపోవడమే. పనిముట్టుగా వాడి ఉంటే ఎక్కడో ఒకచోట నునుపెక్కాలి, అది లేదంటే పనిముట్టు అన్న వాదాలు బలహీనపడతాయి. ఏది కాదో తెలిసినా అది తెలివిడే.

అందుకే వస్తువు దొరకగానే మనవాళ్లు చేసే మొదటి పని, అంటే చింతపండుతోనో ఇసుకతోనో తోమి తళతళలాడించడం, నన్ను అన్నింటికన్నా ఎక్కువ బాధిస్తుంది. ఇటుకపొడితో తోమితే వందేళ్ల నునుపూ ఐదు నిమిషాల నునుపూ కలిసిపోతాయి. గ్రైండింగ్ మిషన్ పెడితే ఇక చెప్పేదేముంది? తోమకపోతే అక్షరాలు ఎలా కనిపిస్తాయి అంటే, మెత్తని బ్రష్షుతో పొడి మట్టి దులిపి, వెలుతురు పక్క నుంచి పడేలా టార్చి పట్టి చూస్తే సగం అక్షరాలు లేచి కనిపిస్తాయి. మిగిలినవాటికి పల్చని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే చాలు. అతుక్కుని ఉన్న నల్లటి జిడ్డు కూడా ఆధారమే, బండి కందెనా, ఆముదమా, లక్కా అన్నది పనిని చెబుతుంది. తీసే ముందు అది ఎక్కడుందో, దాని పక్కన ఏమున్నాయో ఒక చీటీ మీద రాసి దానికే కట్టాలి. దూలానికి వేలాడిన కొక్కేనికీ, కంసాలి పెట్టెలో ఉన్న కొక్కేనికీ ఆకారం ఒకటే కావచ్చు, పని ఒకటి కాదు.

ముట్టుకోకూడనివీ ఉన్నాయి. సీలు వేసి ఉన్న బరువైన గొట్టాలు, తోక రెక్కలున్న మొనదేలిన లోహాలు, పాత గ్యాస్ సిలిండర్లు దొరికితే కదపకుండా పోలీసులకు చెప్పాలి. మూడు రెక్కల రేడియేషన్ గుర్తు కనిపిస్తే మరీను. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో పాత ప్రయోగశాల పరికరాన్ని విప్పినప్పుడు అందులోని కోబాల్ట్-60 వల్ల ఒకరు చనిపోయారు, మరికొందరు జబ్బుపడ్డారు. ఆ పరికరం ఒక విశ్వవిద్యాలయం వేలం వేసినది. అదేమిటో ముందే గుర్తించి ఉంటే అది తుక్కు బజారుకు చేరేదే కాదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంకో ప్రమాదం ఉంది, అది రైస్ పుల్లింగ్ మోసం. అటక మీది పాత రాగి చెంబును చూపించి, పిడుగు పడి అందులో ఇరిడియం చేరిందనీ, బియ్యపు గింజల్ని లాగుతుందనీ, అంతరిక్ష సంస్థలు కోట్లిచ్చి కొంటాయనీ నమ్మించి, పరీక్షల ఖర్చులంటూ లక్షలు గుంజే ముఠాల మీద పోలీసులు పదేపదే కేసులు పెట్టారు. ఇక్కడా ఆధారాల పద్ధతే కాపాడుతుంది. పిడుగు రాగిని ఇరిడియంగా మార్చదు. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇరిడియానికి 2400 డిగ్రీలు దాటాలి. ఇరిడియం సాంద్రత 22.5, రాగికి రెండున్నర రెట్లు. నీళ్ల బకెట్టులో తూచినప్పుడు 9 దగ్గర వచ్చిందంటే అది రాగి చెంబే, అంతకు మించి ఏమీ కాదు. రాగి గానీ ఇరిడియం గానీ బియ్యాన్ని ఆకర్షించవు. గింజలు కదిలితే ఆ గింజల్లో ఇనుప ముక్కలు, చెంబు దగ్గర అయస్కాంతం దాచి ఉంటారు. వాళ్లు తెచ్చిన బియ్యం వద్దని మీ ఇంటి డబ్బాలోంచి గుప్పెడు తీసి వేస్తే ఆట అక్కడితో కట్టు.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. నేల తవ్వుతుండగా బయటపడిన విలువైన వస్తువు గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేపాల చట్టం చెబుతుంది. వందేళ్లు దాటిన విగ్రహాలు, నాణేలు, కళాఖండాల్లాంటివి 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటిని సొంతంగా దేశం దాటించడం నేరం. నాగలి కర్రుకో ఎద్దు నాడాకో మామూలుగా ఈ భయాలు అక్కర్లేదు.

చివరికి అందరూ చెప్పే సలహా, ఊళ్లో పెద్దవాళ్లను అడగమని. అంతకన్నా మంచి దారి లేదు, అయితే అడిగే తీరు ముఖ్యం. ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చి మోటలు ఆగిపోయి దశాబ్దాలు గడిచాయి. వాటిని తోలిన చేతులు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లవి. ఫొటో చూపించి "తాతా, ఇదేంటి?" అంటే గుర్తురాకపోవచ్చు, మన మాట కాదనలేక ఏదో ఒక పేరు చెప్పనూవచ్చు. వస్తువునే చేతిలో పెట్టి, ఎటు పట్టుకునేవాళ్లని అడగండి. కర్ర ఏ వైపు దూరేది, దీన్ని ఎవరు చేసిచ్చేవాళ్లు, కమ్మరికి డబ్బులిచ్చేవాళ్లా గింజలు కొలిచేవాళ్లా అని అడగండి. చెప్పింది వస్తువు మీది అరుగుదలతో పోల్చి చూడండి. పట్టు చూపించిన చోటే ఇనుము నునుపెక్కి ఉంటే ఆ మాట నిలబడినట్టే. ఆ పేరు, ఆ మనిషి పేరు, చెప్పిన తేదీ అదే చీటీ మీద రాయండి. ఊళ్లో ఒకరు కర్రు అంటే పక్క ఊళ్లో ఇంకో మాట ఉంటుంది, ఆ మాటనూ దాని పక్కనే రాయండి.